మహాలాభ్ బజార్‌లో ఖాళీ డబ్బాలు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మహాలాభ్ బజార్ తెరిచిన రోజు జనాన్ని ఆపడానికి అడ్డంగా తాడు కట్టాల్సి వచ్చింది. అది 2009 దసరా ముందరి మాట. గాంధారి తండాల నుంచి ఆటోలు నిండి వచ్చాయి. భిక్నూరు వాళ్లు, సదాశివనగర్ వాళ్లు పిల్లాజెల్లాతో దిగారు. బకెట్లు, కుక్కర్లు, చీరలు, పిల్లల చెప్పులు అన్నీ ఒకే కప్పు కింద, బయటి కంటే తక్కువ ధరకు! పైగా ఏం కావాలని గద్దించేవాళ్లు లేరు. బుట్ట పట్టుకుని ఎంతసేపైనా తిరగొచ్చు. సగం మంది లోపలి చల్లగాలికే వచ్చారు.

ఆ రోజు బిల్లు కౌంటరులో కూర్చున్న అమ్మాయి నిరోష. ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే భూదవ్వ కూతురు. ఇంటర్ అయ్యాక తల్లి పక్కన కూర్చుని కొన్నాళ్లు ఆకు కత్తిరించింది. ఆ తంబాకు ఘాటు పడక, దగ్గు పట్టుకుని, ఈ ఉద్యోగం చూసుకుంది. నీలం కోటు, మెడలో పేరు రాసిన కార్డు. ఆ రాత్రి ఇంటికి చేరి, కాళ్లు వాచినా పట్టించుకోకుండా, వచ్చిన జనం గురించి తల్లికి చెబుతూనే నిద్రపోయింది.

మహాలాభ్ యజమానులు హైదరాబాద్‌లో ఉండే ఇద్దరు అన్నదమ్ములు. కామారెడ్డి గిరాకీ చూసి వాళ్లకు ఆశ పుట్టింది. ఊరూరా దుకాణాలు తెరుచుకుంటూ పోయారు. 2011లో ఎల్లారెడ్డి వంతు వచ్చింది. సొంత ఊరి పిల్ల కదా అని నిరోషనే ఇంచార్జిగా పంపారు.

ఆ వీధిలోనే దేవయ్యకు తండ్రి నాటి బట్టల దుకాణం ఉండేది. మహాలాభ్ వచ్చిన ఏడాదికి ఆయన ఒక రోజు నిరోష దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, నా దుకాన్ల ఈగలు తోలుకుంట కూసుంటున్న. మీ దగ్గర చీరెలు మడతపెట్టే పనన్న ఇయ్యి."

నిరోషకు తల ఎత్తబుద్ధి కాలేదు. చిన్నప్పుడు పండగ బట్టలన్నీ ఆయన దగ్గర కొన్నవే. "కాకా, నువ్వు నా చేతి కింద పని చేసుడేంది?"

"ఎవరి చెయ్యి అయితేంది బిడ్డా. చీరె చీరెనే."

అలా ఆయన చేరాడు. నేల మీద దుప్పటి పరిచి చీరలు విప్పి చూపించేవాడు. కూర్చుని అమ్మకూడదని కంపెనీ నియమం. నిరోష చూసీచూడనట్టు ఊరుకుంది. ఆడవాళ్లకు ఆయన దగ్గర కూర్చుని ఎంచుకోవడమే ఇష్టం.

2012 గడిచేసరికి సరుకు లారీలు పలచబడ్డాయి. మొదట పప్పులు రావడం మానేశాయి, తర్వాత స్టీలు సామాను. జనరేటరుకు డీజిల్ ఆపేశారు. కరెంటు పోతే చెమటలు కక్కుతూ, తలుపు బార్లా తెరిచి కూర్చునేవాళ్లు. అన్నదమ్ములు అప్పులు తెచ్చి దుకాణాలు పెట్టారని, ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. ఏరియా మేనేజరు అరుణ్‌కుమార్ నిజామాబాద్ నుంచి ఫోన్ చేసి ఒకటే మాట చెప్పేవాడు: "ఉన్న సరుకు ముందు వరుసకు జరుపు. వెనక ఖాళీ డబ్బాలు పేర్చు. చూస్తే నిండుగ కనపడాలె."

రోజూ పొద్దున అదే పని. గంగ, సునీల, మిగతా అమ్మాయిలు సబ్బుల వెనక ఖాళీ అట్టడబ్బాలు పేర్చేవాళ్లు. నిండు దుకాణం సర్దినప్పుడు రాని అలసట ఈ ఖాళీ డబ్బాలు మోస్తే వచ్చేది. ఎన్ని చేసినా చేసినట్టు ఉండేది కాదు.

ఒక రోజు గాంధారి వైపు తండా నుంచి వచ్చిన భూలి అనే ఆమె ఒక సబ్బు లాగింది. వెనక వరుసంతా టపటపా కూలి ఆమె కాళ్ల మీద పడింది. ఒక్కో డబ్బా ఎత్తి ఊపి చూసింది భూలి.

"ఏందమ్మా ఇది! ముందర మొకమే ఉన్నది, వెనక పెయ్యి లేదు!"

మొహమే తప్ప ఒళ్లు లేని దుకాణం అనగానే అందరూ పకపకా నవ్వారు. నిరోష కూడా నవ్వింది. తర్వాత కింద పడ్డ డబ్బాలు ఏరి మళ్లీ వెనక వరుసలో పేర్చింది.

2014 ఏప్రిల్‌లో అరుణ్‌కుమార్ తానే వచ్చాడు. గడ్డం పెరిగి, చొక్కా నలిగి ఉంది. కుర్చీలో కూలబడి చెప్పాడు: "కామారెడ్డిది ఈ నెలాఖరుకు మూస్తున్నం. మీది మే దాకా నడుస్తది. అన్నీ సగం ధరకు పెట్టి అమ్మేయాలె. పనోళ్లకు మాత్రం చెప్పకు. తెలిస్తే రేపే పోతరు, అమ్మెటోళ్లు ఉండరు. ఇది మంచిగ చేసినవంటే నిన్ను నిజామాబాద్ దుకాన్ల పెట్టిస్త."

"వాళ్లు వేరే పని చూసుకోవద్దా సార్?"

"నా చేతుల ఏమున్నదమ్మా? పైనోళ్లు చెప్పిండ్రు."

మర్నాడు పొద్దున్నే గంగ వచ్చింది. "అక్కా, కామారెడ్డిల కొత్త చెప్పుల దుకాన్ పెడుతుండ్రట. రమ్మంటుండ్రు. ఇయ్యాల చెప్పాలె. రోజూ బస్సుల రానుపోను అంటే కష్టమే. పిల్ల చిన్నది. ఇక్కడైతే ఇల్లు దగ్గర. ఉండాల్నా, పోవాల్నా? నువ్వు ఉండుమంటే ఉంట."

నిరోష చేతిలోని చొక్కాను హ్యాంగరుకు తగిలించింది, తీసింది, మళ్లీ తగిలించింది. ఉండు అంటే చాలు. ఈ నెలన్నర గడిచిపోతుంది. నిజామాబాద్‌లో ఉద్యోగం, ఇంట్లో తల్లి దగ్గు మందులు, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి. గంగ నమ్మకంగా ఆమె మొహంలోకే చూస్తోంది.

"పో గంగా," అంది చివరికి. "ఈ దుకాన్ ఉండది."

ఒకరికి చెప్పి మిగతావాళ్లకు దాచడం ఆమె వల్ల కాలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ అందరికీ చెప్పేసింది. సునీల చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఇన్ని రోజులు ఖాళీ డబ్బాలు పేర్పిచ్చినవ్ గదా, అప్పుడు తెల్వదా నీకు?"

"మూస్తరని నాకు నిన్ననే తెల్సింది సునీలా. ఒట్టు."

సునీల నమ్మలేదు. గిన్నె మూత పెట్టి, కోటు విప్పి కౌంటరు మీద పడేసి వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి దేవయ్య తప్ప మిగతావాళ్లూ ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఆమె ఎవరినీ ఆపలేదు.

సగం ధర అని బోర్డు కట్టగానే మళ్లీ జనం విరుచుకుపడ్డారు. నిరోష బిల్లులు కొట్టింది. దేవయ్య ఒక్కడే చీరలు, చెప్పులు, గిన్నెలు అన్నీ చూసుకున్నాడు. చివరికి అద్దాలు, ర్యాకులు, గోడ గడియారం కూడా అడిగి పట్టుకుపోయారు. అమ్మాయిలు వెళ్లిపోయిన సంగతి తెలిసి అరుణ్‌కుమార్ ఫోన్‌లో అరిచాడు. "ఎవరు చెప్పమన్నరు నిన్ను? నిజామాబాద్ మాట మర్చిపో ఇగ."

"సరే సార్," అంది నిరోష. వాదించే ఓపిక లేదు.

కొన్నాళ్లకు మళ్లీ అతనే ఫోన్ చేశాడు. "నన్ను గూడ తీసేసిండ్రు నిరోషా. మెసేజ్ పెట్టిండ్రు, గంతే."

సంతోషించాలనుకుంది, సంతోషం రాలేదు. "అన్నం తిన్నరా సార్?" అని అడిగింది.

తాళం వేసిన సాయంత్రం రోడ్డు మీద కొత్త రాష్ట్రం ఊరేగింపు పోతోంది. డప్పులు మోగుతున్నాయి, రంగులు ఎగురుతున్నాయి. ఆ సందడి మధ్య నిరోష, దేవయ్య కలిసి షట్టరు లాగారు. అది సగంలో ఇరుక్కుంటే దేవయ్య కాలితో తన్ని దించాడు.

"ఇప్పుడేం జేస్తవ్ కాకా?"

"మూట కట్టుకుని బండి మీద తండాలకు పోత బిడ్డా. కూసోని మనుషుల కోసం ఎదురుచూసుడు ఇగ నాతోని కాదు."

నిరోష ఇంటికి వెళ్లి పడుకుంది. మర్నాడూ పడుకుంది. భూదవ్వ అన్నం పెట్టి లేపితే తిని మళ్లీ పడుకునేది. చుట్టాలు అడిగితే, "నా బిడ్డ అలసిపోయింది, పండనియ్యుండ్రి," అని తల్లి గుమ్మంలోనే ఆపేసేది.

జూలైలో గంగ ఫోన్ చేసింది. "అక్కా, మా సేటు ఇంకొక్కల్ని చూస్తుండు. నీ గురించి చెప్పిన. వస్తవా?"

వెళ్లింది. కామారెడ్డి బస్సు దిగి ఆ చిన్న చెప్పుల దుకాణం వెతుక్కుంటూ వెళ్లేసరికి గంగ గుమ్మం ఊడుస్తోంది. నిన్నటిదాకా తన కింద పనిచేసిన పిల్ల ఇప్పుడు తనకు పని చెబుతుంది. నిరోషకు అది ఏమీ అనిపించలేదు. చీపురు అందుకోబోయింది. గంగ ఇవ్వలేదు.

"ఊడ్సుడు అయింది అక్కా. పదకొండు దాకా గిరాకీ రాదు. ముందుగాల జరంత చాయ్ తాగు."