తొక్కని బ్రేకు కూత

నేను ఒక బ్రేకు డిస్కును. ప్రస్తుతం విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఓ అపార్ట్‌మెంటు గేటు కింద పడి ఉన్నాను. గాలికి గేటు కొట్టుకోకుండా ఆపడం నా ఉద్యోగం. పుట్టినప్పుడు నా మీద నాకు ఇంతకంటే పెద్ద ఆశలే ఉండేవి.

ఇనుము కరిగించి, అచ్చులో పోసి, లేతు మీద చెక్కి నన్ను తయారుచేశారు. చెక్కినాయన నాలో తన మీసం చూసుకుని దువ్వుకున్నాడు. అంత మెరుపు మరి! మా జాతికి పని ఒక్కటే. చక్రంతో పాటు తిరగాలి, రెండు పక్కల నుంచీ ప్యాడ్లు వచ్చి నొక్కితే ఒళ్లు కాలిపోతున్నా ఓర్చుకుని బండిని నిలబెట్టాలి. ఆ రోజు కోసమే ఉవ్విళ్లూరాను.

తీరా నన్ను బిగించింది ఎలక్ట్రిక్ కారుకి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, దాని మోటారే వేగాన్ని పట్టి లాగేస్తుంది. పైగా ఆ శక్తితో బ్యాటరీని కాస్త నింపుకుంటుంది కూడా. బండి పూర్తిగా ఆగే ఆఖరి అడుగులో మాత్రం మేము కావాలి. జీతమిచ్చి పని చెప్పని ఆఫీసులో చేరినట్టయింది నా పరిస్థితి.

కారు యజమాని బొడ్డేపల్లి సన్యాసిరావు మాస్టారు. కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. చెప్పడం మాత్రం మానలేదు. లిఫ్టు కోసం ఎవరైనా నిలబడితే చాలు, పట్టుకునేవారు.

"బ్రేకు తొక్కడమంటే ఏమిటనుకున్నావు? శక్తిని తగలబెట్టడమయ్యా! నేను నెల రోజులై తొక్కలేదు తెలుసా?"

గేటు దగ్గర రోజూ తొక్కే ఆ ఆఖరి అడుగు లెక్కలోకి రాదట. కారు తెరమీద ఆయన డ్రైవింగుకి నూటికి మార్కులు పడేవి. ఎన్ని తరాల పిల్లలకు మార్కులు కోశారో గానీ, ఆ తెర తొంభై ఎనిమిది వేస్తే మాత్రం పసిపిల్లాడిలా మురిసిపోయేవారు. రోజూ ఉదయం కారుకి తలంటినంత శ్రద్ధగా స్నానం చేయించి, తడి ఆరకముందే కవరు తొడిగేవారు. ఒకపక్క ఉప్పుగాలి, మరోపక్క నీళ్లు. లోపల నేను మెల్లగా ఎర్రబడుతున్నానని ఆయనకేం తెలుసు?

ఆయన భార్య సత్యవేణి అదే కాలేజీలో ఫిజిక్సు ల్యాబు చూసుకునేది. ఆయనది పాఠం, ఆవిడది ప్రయోగం. ఇప్పుడు వారానికి మూడు రోజులు భీమిలి దారిలో ఉన్న ఓ ఆడపిల్లల బడికి వెళ్లి, ఉత్తపుణ్యానికి ప్రయోగాలు చేయిస్తోంది. కటకాలు, పరీక్షనాళికలు పెట్టెల్లో సర్దుకుని కారులో తీసుకెళ్లేది. కాలు తీయగానే కారు పట్టి లాగితే గాజు సామాను గలగలమంటుందని, మోటారు పట్టును తగ్గించేసి, చక్కగా బ్రేకు తొక్కుతూ నడిపేది. ఆ మూడు రోజులే నాకు పండగ. ఒళ్లు రాపిడి పెట్టుకుని, తుప్పు రాల్చుకుని, మళ్లీ మెరిసేదాన్ని.

వానాకాలం వచ్చింది. బడికి సెలవులిచ్చారు. పది రోజులు మాస్టారొక్కరే నడిపారు. పదకొండో రోజు గేటు దగ్గర ఆ ఆఖరి అడుగు తొక్కేసరికి నేను అరిచాను. చిన్నగా కాదు, మూడో అంతస్తు బాల్కనీలో కాఫీ ఒలికింది. వాచ్‌మన్ ఎర్నాయుడు చెవులు మూసుకున్నాడు.

"ఏటి మాస్టారూ, కొత్త కారు ఇలగ అరుత్తాంది?"

మాస్టారి ముఖం మాడిపోయింది. దంపతులిద్దరూ కారుని సర్వీసు సెంటరుకి తీసుకెళ్లారు. అక్కడి మెకానిక్ నన్ను విప్పి, మందం కొలిచాడు.

"ఇవి అరగలేదు సార్. వాడకపోవడం వల్ల తుప్పు పట్టాయంతే. అప్పుడప్పుడు గట్టిగా బ్రేకు తొక్కితే..."

"ఆగవయ్యా! శక్తి నిత్యత్వం నాకు చెబుతావా?" అని మాస్టారు అరగంట పాఠం చెప్పారు. సారాంశం ఇదీ: ఇంట్లో బ్రేకు తొక్కేది ఒక్కరే, బ్రేకే పాడైంది, కాబట్టి తప్పు ఆ ఒక్కరిదే. జీవితమంతా కొలిచి చూడమని పిల్లలకు చెప్పిన మనిషి, కొలిచి చూపించినవాడి నోరు మూయించాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఆ మంట బ్రేకు వల్ల వచ్చింది కాదు.

"కొత్త డిస్కులు వేసెయ్. సత్యా, ఇకమీదట తాళం నా దగ్గరే ఉంటుంది."

"సోమవారం బడి తెరుస్తారండీ. ఆ పెట్టెలతో బస్సెలా ఎక్కను?"

ఆయన తాళం చొక్కా జేబులో వేసుకున్నారు. ఆవిడ ల్యాబులో పిల్లలతో మాట్లాడినట్టు నెమ్మదిగా అంది. "సరే. నెల్లాళ్లు నేను కారు ముట్టను. మీరే నడపండి. చూద్దాం."

నాతో పాటు విప్పిన ఎడమవైపు డిస్కు పాత ఇనుములోకి పోయింది. నన్ను మాత్రం ఆవిడ అడిగి తెచ్చి ఎర్నాయుడికిచ్చింది. అలా గేటు చేరాను.

ఆ తరవాత ఆవిడ బస్సులో వెళ్లడం ఇక్కణ్నుంచే చూశాను. ఒక పెట్టె చేత్తో పట్టుకుని, మరో పెట్టె చంకన పెట్టుకుని పరుగులాంటి నడక. ఒకరోజు తిరిగొచ్చేసరికి పెట్టెలో గాజుపెంకులు. పిల్లలకి ఇక చూపించడానికి పెద్ద కటకం లేదని ఎర్నాయుడితో చెబుతూ కళ్లు తుడుచుకుంది. మాస్టారి తెరమీద ఆ రోజు నూటికి నూరు.

సరిగ్గా ఇరవై ఆరో రోజు ఉదయం. వాన వెలిసింది. మాస్టారు కారుకి స్నానం చేయించి, సెల్లారులోంచి ర్యాంపు ఎక్కి గేటు దగ్గరికొచ్చి ఆఖరి అడుగు తొక్కారు.

కొత్త డిస్కులు కెవ్వుమన్నాయి! పాపం, నాకంటే గొంతు పెద్దది.

బస్సుకి బయల్దేరిన సత్యవేణి పెట్టెతో అక్కడే నిలబడి ఉంది. కారు అద్దం దించమని సైగ చేసింది.

"ఇన్నాళ్లూ నేను తలుపైనా ముట్టుకోలేదండీ. నడిపింది మీరొక్కరే. మరి ఈ కూత ఎవరిది?"

మాస్టారు నోరు తెరిచారు. ఉప్పుగాలి అన్నారు, ఇనుము నాసిరకం అన్నారు. ఆవిడ అలా చూస్తూనే ఉంది. చివరికి ఆయన దిగి, జేబులోంచి తాళం తీసి, ఆవిడ చేతిలోని పెట్టె మీద పెట్టారు.

వారం తిరిగిందో లేదో, లిఫ్టు దగ్గర కొత్త పాఠం మొదలైంది. "వారానికి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు తొక్కాలయ్యా. లేకపోతే తుప్పు! ఇది నేను స్వయంగా ప్రయోగం చేసి కనిపెట్టాను."

ఆవిడ వింది. దిద్దలేదు. పెట్టెలు వెనక సీట్లో సర్దుకుని, ర్యాంపు ఎక్కి గేటు దగ్గరికొచ్చింది. ఎర్నాయుడు నన్ను కాలితో పక్కకి నెట్టాడు. ఆవిడ నా వైపు ఓసారి చూసి, అక్కర లేకపోయినా బ్రేకు తొక్కింది.

ఏ చప్పుడూ లేదు.