పళ్ళ రకమా, ప్లేట్ల రకమా?

పళ్ళ డాక్టరు ఎవరినీ పల్లెత్తు మాట అనడు. రోజంతా పరుల పళ్ళెత్తి చూసే మనిషికి ఇంక పల్లెత్తే ఓపిక ఎక్కడిది? అలాంటి మనిషి చేత నెలకో ఆదివారం తిట్లు తినే ప్రాణి ఒకటే ఉంది. అది అతని కారు వెనక కుడి చక్రం.

ఊరి చివర, వాడకం మానేసిన రన్‌వే మీద కార్ల క్లబ్బు వాళ్ళు పోటీ పెడతారు. ఒక్కో కారే వెళ్ళి, మూడుసార్లు చుట్టు తిరిగి, అందులో మంచి టైము తెచ్చుకుంటుంది. ఆ చుట్టులో కుడివైపుకి జడపిన్నులా మెలికపడ్డ మలుపు ఒకటుంది. దాన్ని దాటుతూ డాక్టరు యాక్సిలరేటరు తొక్కితే చాలు, లోపలివైపు చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగేది. పొగ బోలెడు, పరుగు సున్నా.

నిజానికి తప్పు చక్రానిది కాదు, ఇరుసు మధ్యన కూర్చున్న డిఫరెన్షియల్‌ది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఎవరి నడక వారు నడవండని రెండింటికీ స్వేచ్ఛ ఇచ్చేది అదే. అంతవరకు మంచిదే. కానీ ఒక చక్రం నేల మీద పట్టు వదిలేసిందా, ఇంజను బలమంతా ఆ సోమరిపోతుకే ధారపోస్తుంది. పనిచేసే చక్రం నోరు మూసుకుని చూస్తూ ఉంటుంది. ఈ పద్ధతిలో నడిచే ఆఫీసుల్ని చూశాం గానీ, కారు కూడా ఇలాగే నడుస్తానంటే ఎలా? దీనికి మందు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. అంటే జారుడికి హద్దు పెట్టేది.

హద్దులు పెట్టేవారు డాక్టరుకి ఇంట్లోనూ ఉన్నారు.

వాళ్ళావిడ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. ఒకదాని మీద ఒకటి మూడంతస్తులు, పైన క్రీముతో అల్లిన పువ్వులు. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ అవి ఊరేగేది ఈ కారులోనే. ఇంటికి ఉన్న కారు ఒకటే. అందులో ఏ సామాను మార్చినా ఆవిడ షరతు కూడా ఒకటే.

"నా కేకు ఒక్కసారి కదిలిందా, మీ రేసు మరి కదలదు!"

కేకు పడితే పడేవి కేకలేనని, ఆ తర్వాత ఆదివారాలకి తాళమేనని డాక్టరుకి తెలుసు. అందుకే గ్యారేజీలో బల్ల ముందు నిలబడి, తన దగ్గరికొచ్చే పేషెంట్లలా గుటకలు మింగుతున్నాడు. అందరూ బాబాయి అని పిలిచే మెకానిక్కు ఆ బల్ల మీద రెండు డిఫరెన్షియళ్ళు పెట్టి, అంగట్లో బొమ్మలు చూపించినట్టు చూపిస్తున్నాడు.

"ఇది ప్లేట్ల రకం డాక్టరు గారూ. లోపల ప్లేట్లు ఒకదాన్నొకటి నొక్కి పట్టుకుని, రెండు చక్రాల్నీ కలిపి లాక్కెళ్తాయి. ఒకటి గాల్లోకి లేచినా రెండోది లాగుతుంది. కాకపోతే నెమ్మదిగా పోతూ స్టీరింగు బాగా తిప్పినప్పుడు కటకటలాడుతుంది, కాస్త కుదుపుతుంది. పట్టే గానీ విడుపు తెలీదు దీనికి. ఇదేమో గేర్ల రకం. అన్నీ ఏటవాలు పళ్ళు. చప్పుడుండదు, కుదుపుండదు, అసలు ఉందనే తెలీదు."

"పళ్ళదైతే మన శాఖే!" అన్నాడు డాక్టరు ఆశగా.

"కానీ చక్రం గాల్లోకి లేచిందంటే ఇది చేతులెత్తేస్తుంది. ఆ మలుపు అంచున ఉన్న గట్టు మీరు ఎక్కించినప్పుడల్లా లోపలి చక్రం లేస్తోంది కదా."

"ఇంకా ఆలోచిస్తావేంటి అన్నయ్యా, ప్లేట్లు వేయించేయ్," అన్నాడు పాత టైరు మీద కూర్చున్న తోడల్లుడు. డాక్టరు భార్య చెల్లెలి భర్త. పేరుకే తోడల్లుడు. తోడు తక్కువ, అల్లరెక్కువ. తన కారుకి ప్లేట్ల రకమే బిగించుకుని, ప్రతి పోటీలోనూ డాక్టరు కన్నా ముందుంటున్నాడు. "పళ్ళది పెట్టుకున్నావనుకో, ఆ మలుపులో జనమంతా పళ్ళికిలిస్తారు."

ఆ ఒక్క మాటతో డాక్టరుకి పళ్ళ మీద నమ్మకం కదిలి, ఊగి, ఊడిపోయింది.

"నా దగ్గర పాత ప్లేట్లదొకటి ఉంది, ముందు దాన్ని వేసుకుని చూడండి. నచ్చకపోతే తీసేద్దాం," అన్నాడు బాబాయి.

బిగించాక, గ్యారేజీ గేటు దగ్గర స్టీరింగు పూర్తిగా తిప్పగానే వెనక నుంచి కటకటమని వినిపించింది. కట్టుడు పళ్ళతో ఎవరో గట్టి బిస్కెట్లు నములుతున్నట్టు. కారు కాస్త కుదిపింది కూడా. ఈ కుదుపుకి కేకు నిలుస్తుందా? పరీక్ష చేయక తప్పదు. ఆవిడ కేకుతో చేయడానికి ధైర్యం లేదు. ఏ పనైనా నొప్పి తెలీకుండా కానివ్వాలన్నది అతని వృత్తిధర్మం. అందుకని బజారు వీధిలోని ఇంకో కేకుల షాపుకి వెళ్ళి మూడంతస్తుల కేకు కొన్నాడు. ఆ షాపావిడకీ తన ఇంటావిడకీ మధ్య నడుస్తున్న పోటీ ముందు రన్‌వే మీది పోటీ పిల్లలాట.

ఆస్పత్రి కింది పార్కింగులో ర్యాంపు ఎక్కాడు, దిగాడు, స్తంభాల మధ్య మెలికలు తిరిగాడు. కటకట, కుదుపు, మళ్ళీ కటకట. డిక్కీ తీసి చూస్తే కేకు చెక్కు చెదరలేదు. క్రీము పువ్వు రేకైనా ఒరగలేదు. డాక్టరు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ కేకుని దారిలో ఎవరికైనా ఇచ్చేయాలన్న సంగతి ఈలలో కొట్టుకుపోయింది.

సాయంత్రం ఆవిడ డిక్కీ తీసింది.

"ఏమండీ!"

పిలుపులో అండీ ఉంది గానీ, దాని వెనక మర్యాద లేదు.

"ఎవరిదిది?"

"ఏది?"

"ఈ డబ్బా! దీని మీద దాని షాపు పేరు! ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఈ వ్యవహారం?"

"ఛ ఛ, ఇదొక్కసారేనే. అది కూడా పరీక్ష కోసం."

"ఒక్కసారేనట! నా చేతి కేకు మొహం మొత్తిందని నోరు తెరిచి చెప్పొచ్చుగా? ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపిస్తారు, మీ నోరు మాత్రం తెరవరు!"

"తినలేదు, ఒట్టు! కారులో కొత్త సామాను వేయించాను. నీ కేకు పెడితే పడిపోతుందేమోనని భయమేసింది. పడితే దానిది పడనీ అని..."

ఆవిడ ఆగింది. 'దానిది పడనీ' అన్న మాట ఎక్కడో చల్లగా తగిలినట్టుంది.

"మరి పడిందా?"

"ఇంత కూడా కదల్లేదు."

ఆవిడ కత్తి తెచ్చి కేకులోకి దించింది. దిగలేదు. రెండో చెయ్యి కూడా వేసి నొక్కింది.

"కేకా ఇది, ఇటుకా? మేడ మీంచి పడేస్తే నేలకి దెబ్బ తగిలేలా ఉంది. ఇది కదల్లేదని కారు బాగుందనుకున్నారా? బోసినోటివాడికి పుచ్చుపళ్ళు లేవని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది మీ పరీక్ష! ఉండండి, నాది పెట్టి చూద్దాం."

పెళ్ళివారికి చూపించడానికి చేసిన నమూనా కేకు వంటింట్లో ఉంది. దాన్ని వెనక సీటు మీద పెట్టి, పక్కనే తానూ కూర్చుని, సందు చివర కారు వెనక్కి తిప్పమంది. డాక్టరు ప్రాణాలు స్టీరింగులో పెట్టుకుని తిప్పాడు. కటకట. ఒక కుదుపు. ఇంకో కుదుపు. పై అంతస్తు మెల్లగా జారి, పువ్వులతో సహా ఆవిడ ఒళ్ళో దిగింది.

డాక్టరు కళ్ళు మూసుకుని కేకల కోసం ఎదురుచూశాడు. కేకలు రాలేదు. అది మరీ భయంగా ఉంది.

"తీయించేస్తాను," అన్నాడు పంటి బిగువున. "రేసు కూడా మానేస్తాను. అనుకున్న మాట అనుకున్నట్టే."

ఆవిడ చీర మీది క్రీము వేలితో తీసి రుచి చూసుకుంది.

"మానేసి? ఆదివారాలు నా వంటింట్లో పడి గిన్నెలు సర్దుతారా? మీరు సర్దిన గిన్నె మళ్ళీ ఈ జన్మలో దొరకదు. అంతకన్నా రేసే నయం. వేరే రకం ఏదీ లేదా?"

"పళ్ళ రకం ఉంది. కానీ..."

"ఆ కానీ సంగతి బాబాయినే అడుగుదాం పదండి."

గ్యారేజీలో ఆవిడ సూటిగా అడిగింది. "బాబాయ్, ఈ పళ్ళది ఎప్పుడు చేతులెత్తేస్తుంది? ఎత్తకుండా ఏం చేయాలి?"

"తేలికైన చక్రం దగ్గర ఎంత అడ్డు ఉంటే, దానికి కొన్ని రెట్లు బలం రెండోదానికి పంపుతుందమ్మా. గాల్లో ఉన్న చక్రానికి అడ్డేముంది, సున్నా. సున్నాని ఎన్ని రెట్లు చేస్తే ఏం లాభం? ఆ క్షణంలో హ్యాండ్‌బ్రేకు పట్టీ పట్టనట్టు కొంచెం లాగితే అడ్డు పుడుతుంది. బలం రెండో చక్రానికి మళ్ళుతుంది."

"బానే ఉంది బాబాయ్," అన్నాడు డాక్టరు. "ఆ మలుపులో నాకు ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒకటి గేరు మీద. మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి తేను?"

ఆవిడ కారు వైపు చూసింది. "పక్క సీటు ఖాళీయేగా?"

క్లబ్బు నియమాల ప్రకారం హెల్మెట్ పెట్టుకుంటే పక్కన మనిషి కూర్చోవచ్చు. పళ్ళ రకం బిగించాక, ముందు ఒక పెళ్ళికేకు దానిలో వెళ్ళి పువ్వు రాలకుండా దిగింది. ఆ తర్వాతి ఆదివారం ఆవిడ వెళ్ళింది. ఇంట్లో చక్రం తిప్పేది ఎటూ ఆవిడే, ఇప్పుడు వెనక చక్రం బాధ్యత కూడా మీద పడింది.

మొదటి చుట్టులో ఆవిడ జడపిన్ను మలుపు కన్నా ముందున్న మలుపులోనే హ్యాండ్‌బ్రేకు లాగేసింది. కారు బొంగరంలా తిరిగి, వచ్చిన దారినే చూస్తూ ఆగింది.

"ఇది కాదే, తర్వాతది!"

"మలుపు రాగానే అన్నారు. ఇదీ మలుపే! ఏ మలుపో మీరు ముందే చెప్పొద్దూ?"

రెండో చుట్టులో జడపిన్ను మలుపు వచ్చింది. గట్టు ఎక్కి లోపలి చక్రం గాల్లోకి లేచింది. ఇంజను ఉత్తుత్తి అరుపు మొదలుపెట్టింది.

"లాగు!"

"లాగాను, అరవకండి!"

క్రీము సంచి నొక్కే చేతికి కొంచెం అంటే ఎంతో ఇంకొకరు చెప్పక్కర్లేదు. గాల్లోని చక్రం నెమ్మదించింది, నేల మీది చక్రం పట్టుకుంది, కారు ముందుకి దూకింది. ఆవిడ బ్రేకు వదిలేసింది. పొగ లేదు, కటకట లేదు.

గడియారం దగ్గర చూస్తే తోడల్లుడి టైము కన్నా వెంట్రుక వాసి తక్కువ.

"వదినా, ఇది అన్యాయం!" అన్నాడు తోడల్లుడు. "ఒక కారు, ఇద్దరు డ్రైవర్లు!" తర్వాత పక్కకి తిరిగి, "ఏమే, నువ్వు కూడా నా పక్కన కూర్చోరాదూ?" అని భార్యని బతిమాలాడు.

"నీ కారులోనా? ఆ కటకటకి నా పళ్ళు కదిలితే మళ్ళీ బావగారి దగ్గరికే పరిగెత్తాలి."

తోడల్లుడు అటూ ఇటూ చూసి, ప్లేటు ఫిరాయించి, బాబాయి చెవిలో "ఆ పళ్ళది ఇంకోటుందా?" అని గొణిగాడు.

డాక్టరు మహా సంబరంగా బెల్టు విప్పుకుని, అటువైపు వెళ్ళి తలుపు తీశాడు. ఆవిడ దిగలేదు. హెల్మెట్ లోంచి కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"ఇంకో చుట్టు ఉందన్నారుగా? ఎక్కండి. ఆ మొదటి మలుపులో ఇందాక ఎక్కువ లాగాను. ఈసారి సరిగ్గా లాగి చూపిస్తాను."

"అక్కడ లాగకూడదే!"

"మీరు తిప్పండి. లాగడం సంగతి నేను చూసుకుంటాను."

డాక్టరు నోరు తెరిచాడు. పేషెంట్లంతా తెరిచినట్టే తెరిచాడు. వెళ్ళి తన సీట్లో కూర్చుని, బెల్టు గట్టిగా బిగించుకున్నాడు.