అత్తయ్యకు మాటలొస్తున్నాయి

పక్షవాతం వచ్చి మా అత్తయ్యకు మాటలన్నీ పోయాయి, నన్ను తిట్టేవి తప్ప. మొద్దు, మోటు, అడవిమనిషి, సంస్కారహీనురాలు. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. పదో తరగతి తప్పి, ముందు గదిలో మిషన్ మీద పరదాలు కుట్టుకునే నేను పెళ్లినాటి నుంచీ ఆవిడ కంటికి ఆనలేదు. కన్నకొడుకు పేరు కూడా పోయి ఈ నాలుగూ ఎలా మిగిలాయో. "బాగా వాడిన మాటలే మిగులుతాయమ్మా" అన్నాడు డాక్టరు. నాకు ఒళ్లు మండిపోయింది.

క్రమంగా అలవాటు పడ్డాను. దాహమేస్తే "మొద్దూ" అనేది, కిటికీ తెరవాలంటే "మోటూ" అనేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడకు ఊరి సంగతి అటుంచి మంచం దిగే యోగం కూడా లేదు, పోనీలే పాపం అనుకునేదాన్ని.

నేను కుట్టుపనిలో ఉన్నంతసేపూ పాప నానమ్మ మంచం మీదే ఆడుకునేది. అప్పుడప్పుడే గలగలా మాటలొస్తున్న పిల్ల. ఒకరోజు ఖాళీ గ్లాసు పట్టుకొచ్చి నా మోకాలు కుదుపుతూ "మొద్దు" అంది.

"తప్పు. నీళ్లు అనాలి. నీళ్లు."

పాప ఆ మాట ఎన్నడూ విననట్టు నా నోటివంక చూసింది. పొద్దుటిదాకా నీళ్లు నీళ్లు అని నా ప్రాణం తీసిన పిల్ల.

లోపలి గదిలోంచి అత్తయ్య అంది, "నీళ్లు."

మావారు ఎగిరి గంతేశారు. "విన్నావా? అమ్మకు మాటలొస్తున్నాయి."

"పాపకు పోతున్నాయండీ."

"పిల్లలన్నాక మరిచిపోతారు. మా అమ్మ కోలుకుంటే నీకెందుకే అంత ఏడుపు?"

ఆ తర్వాత పాలు పోయింది. బొమ్మ పోయింది. కాకి పోయింది. పాప నోట మాయమైన ప్రతి మాటా సాయంత్రానికల్లా ఆ గదిలో వినపడేది, పాప పలికే ముద్దు యాసతో సహా. భయమేసి ఆ గది తలుపు గడియ పెట్టాను. పాపను పక్కింటి వదిన దగ్గర వదిలాను. "ఏం పెంపకం తల్లీ, నన్ను పట్టుకుని అడవిమనిషి అంటోంది మీ పిల్ల" అని ఆవిడ ముఖం మాడ్చుకుని తెచ్చి దింపింది.

చివరికి పాపకు తన సొంతమాట ఒక్కటే మిగిలింది. అమ్మ.

వెళ్లి అత్తయ్య కాళ్లు పట్టుకున్నాను. "ఉన్నవన్నీ తీసుకోండి అత్తయ్యా. నన్ను ఏమన్నా పడతాను. ఆ ఒక్కటీ దానికి వదిలేయండి."

ఆవిడ కళ్లు చెమర్చాయి. జాలిపడిందనే అనుకున్నాను. కానీ ఆవిడ నావైపే చూస్తూ, చప్పుడు లేకుండా పెదవులు కలిపింది, విడదీసింది. మళ్లీ కలిపింది.

మర్నాడు పొద్దున నేను పరదా అంచు మడుస్తుండగా పాప గడప తట్టుకుని బోర్లాపడింది. పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఏడుస్తూ నాకేసి చేతులు చాచి నోరు తెరిచింది. మాట రాలేదు. పాపం, ఎంత వెతుక్కుందో.

"సంస్కారహీనురాలు" అంది, ఒక్క అక్షరం తడబడకుండా.

పరదా పక్కన పడేసి లేచాను. అంతలో లోపలి గదిలోంచి లేతగా, ఏడుపు గొంతుతో పిలుపు వినపడింది.

"అమ్మా."

"వస్తున్నా తల్లీ" అంటూ, పాపను దాటుకుని లోపలికి పరుగెత్తాను.