నంబరు సరిపోయింది

డ్యూటీ దిగి చంద్రపూర్ దగ్గరి దుర్గాపూర్ గని క్వార్టర్ల మలుపు తిరిగేసరికి సరోజకు తన ఇంటి ముందు గుంపు కనిపించింది. ఎవరికి ఏమైందోనని గబగబా నడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. గుంపు నడుమ ముదురు నీలం రంగు కారు ఒకటి ఆగి ఉంది. దాని మీద చెయ్యి వేసి, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు ఆమె భర్త రాజన్న.

"జపాన్ బండి!" అన్నాడు ఆమెను చూడగానే. "చంద్రపూర్ల, రాజురాల, కోర్పనాల గిసుంటిది ఎవ్వనికన్న ఉందా? పెండ్లికొడుకు గిండ్ల కూసుంటె ఎట్లుంటదో అనుకో."

రాజన్నకు జట్‌పురా గేటు దగ్గర టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు పెళ్లిళ్లకు కిరాయికిస్తాడు. అది తొంభై నాలుగో సంవత్సరం. పేపర్లలో రోజుకో కొత్త కారు బొమ్మ పడుతున్న కాలం. పెళ్లివాళ్లు గుర్రం వద్దంటున్నారు, అంబాసిడర్ చూపిస్తే మొహం చిట్లిస్తున్నారు.

"కొన్నవా?" అడిగింది సరోజ.

"ఇంక లేదు. నీ సంతకం పడితె కొన్నట్టే. రెండు పెండ్లిళ్లకు మాట గూడ ఇచ్చిన."

బండి ఇంకా తనది కాలేదు, అప్పుడే రెండు పెళ్లిళ్లకు మాటిచ్చాడు. సరోజకు ఒళ్లు మండింది. కాని చుట్టూ జనం ఉన్నారు.

ఆమె సంతకం ఎందుకంటే, లోను ఇచ్చేది కార్మికుల సొసైటీ. బొగ్గుగనిలో పనిచేస్తూ తండ్రి పోతే ఆ ఉద్యోగం సరోజకు వచ్చింది. పదకొండేళ్లుగా గని వర్క్‌షాపు స్టోర్లో పనిచేస్తోంది. బేరింగులు, గేరు చక్రాలు వచ్చినప్పుడు వాటి మీద కొట్టిన నంబరును కాగితంతో సరిచూసి లోపలికి తీసుకోవడం ఆమె పని.

కారు తెచ్చినవాడు నాగపూర్ బ్రోకరు సంజీవ్. తెల్ల బూట్లు, నవ్వు మొహం. "భాభీజీ, కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి" అంటూ హిందీలో మొదలుపెట్టి, ఒక ప్లాస్టిక్ సంచి చేతికిచ్చాడు.

అన్నీ ఉన్నాయి. బొంబాయి ఆర్సీ పుస్తకం, కస్టమ్స్ రసీదు, అక్కడి ఆర్టీవో ఇచ్చిన అభ్యంతరం లేదన్న ఉత్తరం. మొదటి యజమాని పేరు విద్యా కర్ణిక్, దాదర్. సింగపూర్‌లో ఉద్యోగం చేసి తిరిగొస్తూ తన కారు వెంట తెచ్చుకుందట. పుస్తకంలో రంగు తెలుపు అని ఉంది, కింద నీలానికి మార్చినట్టు ముద్ర ఉంది.

"బానెట్ తియ్యున్రి" అంది సరోజ.

సంజీవ్ నవ్వుతూనే తీశాడు. ఇంజను వెనక రేకు మీద ఛాసిస్ నంబరు ఉంది. సరోజ వంగి చూసింది. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒక అంకె లోతుగా దిగింది, పక్కది పైపైనే ఉంది, మరొకటి కాస్త పక్కకు ఒరిగింది. చుట్టూ రేకంతా దుమ్ము, నూనె. నంబరు దగ్గర మాత్రం జానెడు మేర కొత్త పెయింటు. ఆమె కాగితం పెట్టి పైన పెన్సిల్‌తో రుద్దింది. అంకెలతో పాటు, అంకెల మధ్య ఆకురాయితో గీకినట్టు సన్నటి గీతలు కూడా కాగితం మీదికి వచ్చాయి.

"ఫ్యాక్టరీల మిషిను కొట్టిన నంబరు గిట్లుండది" అంది మెల్లగా, భర్తకు మాత్రమే వినపడేలా. "ఎవడో పాత నంబరు గీకి, చేత్తోని కొట్టిండు."

"కాగితం మీది నంబరు, బండి మీది నంబరు ఒక్కటేనా, కాదా?"

"ఒక్కటే."

"మరింకేంది నీ లొల్లి?"

ఆ రాత్రి రాజన్న అన్నం తినలేదు. పొద్దున లేచాక కూడా నంబరు ఒక్కటేగా అన్న మాటే. ఎవరో చూసి చెబితేనైనా ఈయనకు ఎక్కుతుందని సరోజ సెలవు పెట్టి, కారుతో సహా రాజన్ననూ సంజీవ్‌నూ ఆర్టీవో ఆఫీసుకు తీసుకుపోయింది.

అక్కడి గుమాస్తా బయటికి వచ్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఒక్కొక్క అంకె చదివి, "సరిపోయింది" అన్నాడు మరాఠీలో.

"అంకెల లోతు చూడండి సార్. రేకు గీకి ఉంది."

"బాయీ, నంబరు సరిపోయిందా లేదా అన్నంతవరకే నా పని. లోతు రాయడానికి నా ఫారంలో గడి లేదు."

సంజీవ్ రాజన్న వంక చూసి భుజాలెగరేశాడు. రాజన్న సరోజ వంక చూశాడు. ఆమె తాము వచ్చిన స్కూటరెక్కి, "పోలీస్ స్టేషన్‌కు పద" అంది. సంజీవ్‌కు చెప్పొద్దని కూడా మెల్లగా అంది. రాజన్న స్కూటరైతే తీశాడు గాని స్టేషన్ లోపలికి రాలేదు. బయటే కూర్చున్నాడు.

లోపల హవల్దారు కుర్చీ చూపించి మర్యాదగానే అడిగాడు.

"మీ కారు పోయిందా?"

"లేదు. కొందామనుకుంటున్న కారు దొంగదేమోనని అనుమానం."

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"నాకు తెలియదు. అదే కనుక్కోమంటున్నా. బొంబాయిలో పోయిన బండ్ల జాబితాలో ఉందేమో చూడండి."

"బొంబాయి జాబితా బొంబాయిలో ఉంటుంది."

"ఫోను చేసి అడగరా?"

"ఏ కేసు కింద చెయ్యను? కారు మీది కాదు. పోయిందని ఎవరూ అనలేదు. మీరు కొనలేదు, మోసపోలేదు." అతను పక్కవాళ్ల వైపు తిరిగాడు. "మోసపోకముందే వచ్చిన మనిషిని ఈమెనే చూశాను." అందరూ నవ్వారు. "ముందు కొనండి బాయీ. దొంగదని తేలితే అప్పుడు రండి, తప్పకుండా రాసుకుంటాం."

సరోజ బయటికి వచ్చేసరికి రాజన్న తల పక్కకు తిప్పుకుని ఉన్నాడు. "అయిపోయిందా?" అని మాత్రం అడిగాడు.

మధ్యాహ్నం సంజీవ్ మాట మార్చాడు. భద్రావతిలో ఒక కాంట్రాక్టరు అడుగుతున్నాడు, సాయంత్రంలోగా చెప్పకపోతే బండి అటు పోతుంది అన్నాడు. రాజన్న ఇంట్లోకొచ్చి చేతులు జోడించాడు.

"దండం పెడ్త సరోజా. నలుగుట్ల ఇజ్జత్ పోతది. నువ్వేమన్న ఇంజినీరువా?"

"ఇంజినీరు కాదు. నంబర్లు సూసుడే నా కొలువు. నువ్వు తినే అన్నం గూడ ఆ కొలువుదే."

అనకూడని మాట అనేసింది. రాజన్న మొహం వాడిపోయింది. తర్వాత ఆమే లేచింది. "ఒక్క ఫోను చేస్త. ఆ దాదర్ ఆమె నేనే అమ్మిన అంటె సంతకం పెడ్త. నువ్వు గూడ రా. నీ చెవులతోనే ఇను."

ఎస్టీడీ బూతులో బొంబాయి టెలిఫోను విచారణ నంబరు దొరకడానికే అరగంట పట్టింది. దాదర్‌లో కర్ణిక్‌లు ఒకరు కాదు. నాలుగో ఇంట్లో దొరికింది విద్య. సరోజ తన మరాఠీలో అంతా చెప్పి, రిసీవరును ఇద్దరికీ వినపడేలా పట్టుకుంది.

"ఆ కారా?" అంది అవతలి గొంతు ఆశ్చర్యంగా. "రెండేళ్ల కిందట వానల్లో దాని మీద చెట్టు పడిందమ్మా. పైకప్పు సీట్లకు అంటుకుపోయింది. ఇంజను కూడా నుజ్జయింది. కాగితాలతో సహా పాత ఇనుము వాడికి ఇచ్చేశాను."

"నీలం రంగు మీరే వేయించారా?"

"నీలమా? ముక్కలైన దానికి రంగెవరు వేయిస్తారు?"

సరోజ ఫోను పెట్టేసింది. కాగితాలూ నంబరూ చచ్చిన కారువి. వాకిట్లో ఉన్న కారు ఇంకెవరిదో.

"రిపేరు చేసుకుని ఉంటరు" అన్నాడు రాజన్న. సరోజకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కాని ఆ మాట అతనే నమ్మడం లేదని అతని గొంతులోనే తెలిసింది. ఇంటికి పోయి సంజీవ్‌తో "మాకొద్దు" అన్నది రాజన్నే. ఎందుకని సంజీవ్ అడగలేదు. ప్లాస్టిక్ సంచి చంకలో పెట్టుకుని, అదే నవ్వుతో కారెక్కి భద్రావతి దారి పట్టాడు.

"మనకెందుకు?" అని రాజన్న అంటున్నా వినకుండా మర్నాడు పొద్దున్నే సరోజ భద్రావతి బస్సెక్కింది. కాంట్రాక్టరు ఇల్లు వెతికి పట్టుకుని, విద్య చెప్పిందంతా చెప్పింది. అతను టీ ఇప్పించాడు, శ్రద్ధగా విన్నాడు, తర్వాత నవ్వాడు. "మీకు లోను దొరకలేదట కదా. సంజీవ్ చెప్పాడు. నేను వద్దంటే మీరు తీసుకుందామనా?" అన్నాడు. నీలం కారు అప్పటికే అతని షెడ్డులో ఉంది.

ఎండాకాలం మొదట్లో బొంబాయి పోలీసులు వచ్చి ఆ కారును తీసుకుపోయారు. అది ఒక పళ్ల డాక్టరుది. ఆస్పత్రి ముందు నుంచి పోయింది. సంజీవ్ నాగపూర్‌లో దొరకలేదు. కాంట్రాక్టరు లబలబలాడుతూ, ఇది దొంగ బండని దుర్గాపూర్ సరోజకు ముందే తెలుసని వాంగ్మూలం ఇచ్చాడు. వారం తిరక్కుండా ఆమెకు స్టేషన్ నుంచి కబురొచ్చింది.

ఈసారి రాజన్న లోపలికి వచ్చాడు. బల్ల వెనక కొత్త ఇన్‌స్పెక్టరు, పక్కన అదే హవల్దారు ఉన్నారు.

"దొంగ కారని తెలిసీ పోలీసులకు ఎందుకు చెప్పలేదు?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

సరోజకు కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. హవల్దారు వంక చూసింది. అతను కాగితాలు సర్దుకుంటున్నాడు.

"చెప్పింది సాబ్" అన్నాడు రాజన్న. హిందీ, తెలుగు కలిసిపోయాయి. "గిక్కడికే వచ్చింది. గీ హవల్దార్ సాబుకే చెప్పింది. అందరు నవ్విన్రు. నేను బయట స్కూటర్ మీద కూసున్న. కిటికీల నుంచి అంత వినవడ్డది. లోపలికొచ్చి నా పెండ్లాం నిజం చెప్తుంది అనుండాల్సింది. సిగ్గయి రాలె. కారు కావాలని ఉండె, అందుకు రాలె."

ఇన్‌స్పెక్టరు హవల్దారును బయటికి పంపి, తనే వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాడు. మొదటిసారి రాసినదాంట్లో ఆమె స్టేషన్‌కు వచ్చిన సంగతి లేదు. సరోజ సంతకం పెట్టనంది. రెండోసారి "వచ్చినట్టు చెబుతున్నారు" అని రాశాడు. దానికీ పెట్టనంది. మూడోసారి తారీఖుతో సహా రాసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ స్టేషన్ మెట్ల మీద పడి మండుతోంది. బొంబాయి కోర్టుకు సాక్షిగా రావలసి ఉంటుందని, ఎన్నిసార్లో ఇప్పుడే చెప్పలేమని కూడా ఇన్‌స్పెక్టరు అన్నాడు.

"కొనని కారుకు ఎన్ని సెలవులు పెట్టాలె?" అంది సరోజ, మెట్లు దిగుతూ.

"బొంబాయికి నేను గూడ వస్త" అన్నాడు రాజన్న. "ఇగ బయట కూసోను."

సరోజ కొంగు తల మీదికి లాక్కుని, స్కూటర్ సీటు మీద చెయ్యి పెట్టి చూసింది. నిప్పులా కాలుతోంది. రాజన్న భుజం మీది తువ్వాలు తీసి సీటు మీద పరిచాడు. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు.