హులిగమ్మ మాట నమ్మి

నదికి అవతల కన్నడ సీమలో పుట్టిన పిల్ల హులిగమ్మ. వానల్లేక అమ్మానాయనల వెంట ఆదోనికి వలసొచ్చి, ఊరి బయట రేకుల షెడ్డులో ఉంటాంది. ఏటా సుగ్గి, అదే కోతల కాలం వస్తే కూలీల ముఠాతో గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి పోయేది. అట్లాంటి పిల్లకు ప్రియదర్శిని మేడమ్ దొరికింది. దొరికిందని ఎంత మురిసిపోయిందో, పిచ్చితల్లి!

మేడమ్‌ది పత్తి వ్యాపారస్తుల ఇల్లు. వలసొచ్చిన ఆడపిల్లలు తమ కాళ్ల మీద తాము నిలబడాలని శిక్షణ కేంద్రం పెట్టింది. తలెత్తి మాట్లాడేది, కంప్యూటర్లో బిల్లు కొట్టేది, గిరాకీని నవ్వుతా పలకరించేది, అన్నీ నేర్పించింది. ఎమ్మిగనూరులో పెద్ద బట్టల అంగట్లో ఉద్యోగం ఖాయమనింది. చెల్లెమ్మా అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటే ఎవరు మాత్రం కరగరు?

సుగ్గికి బయలుదేరే ముందు అక్కడ అందరి తిండికని ముఠాలో ఇంటింటి జొన్నలూ ఒకే మూటలో కలుపుతారు. కలిపినాక తమ వంతు వెనక్కి తీసుకున్నోళ్లకు ఆ ఏడు ముఠాలో చోటుండదు. కాళ్లమీద పడినా మేస్త్రీ లక్ష్మప్ప ఒప్పుకోడు. అంగట్లో ఉద్యోగం వస్తుందని హులిగమ్మ తన వంతు కొలిపించుకుని ఇంటికి తెచ్చుకునింది. అంతటితో ఊరుకునిందా? తనతోపాటు శిక్షణకొచ్చే పక్క షెడ్డు మౌనిక చేత కూడా తీయించింది. మౌనిక తల్లికి కండ్లు కనపడవు, ఆ పిల్ల కూలితోనే పొయ్యి వెలగాల. భయపడతాంటే, "నేను లేనా?" అని ధైర్యం చెప్పింది. ముఠా లారీ ఎక్కి పోయింది.

శిక్షణ అయిపోయింది, ఫోటోలూ అయినాయి. అప్పుడు చల్లగా చెప్పింది మేడమ్. అంగడోళ్లకు ఇప్పుడు మనుషులు అక్కర్లేదంట, అందరూ తన తమ్ముని జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి చేరాలంట. మౌనికతో సహా మిగతా పిల్లలు తలొంచుకుని మిల్లుకు పోయినారు. హులిగమ్మ మాత్రం ఎమ్మిగనూరు బస్సెక్కింది. నేర్పిన చదువు ఊరికే పోతుందా? అంగడి యజమాని సత్యనారాయణ ముందర తలెత్తుకుని నిలబడి, ఎందుకు వద్దన్నారని అడిగింది.

ఆయన పాపం మంచోడు. కూర్చోమని, ఉన్నదున్నట్టు చెప్పినాడు.

"ఇద్దరు పిల్లల్ని పంపమని నేనే అడిగినా తల్లీ. మీ మేడమే వద్దనింది. వలసొచ్చినోళ్లు, సుగ్గి వస్తే ముఠాతో పోతారు, నమ్మొద్దు అనింది. వేరేవాళ్లను పెట్టుకున్నా."

ఎవరి మాట మీద సుగ్గి వదులుకునిందో ఆ మనిషే ఆ మాట అనింది! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది. బస్సులో హులిగమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండిపోయింది. బస్సు దిగి నేరుగా పోయి మేడమ్‌ను నిలదీసింది. ఆమెకేం సిగ్గా, ఎగ్గా? మిల్లుకు మనుషులు దొరక్క తమ్ముడు అల్లాడతాంటే చూస్తా కూర్చోమంటావా చెల్లెమ్మా అనింది. ఇంకా చెల్లెమ్మే! నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి బయటపడింది హులిగమ్మ.

షెడ్డుకాడ మౌనిక సాయంత్రం షిఫ్టుకు తయారవుతాంది. హులిగమ్మ జరిగిందంతా చెప్పింది. ఆ మేడమ్ నమ్మించి మన గొంతు కోసిందే అని అప్పుడు ఏడ్చింది.

మౌనిక ఏడవలేదు.

"నేను నమ్మింది ఆమెను కాదక్కా, నిన్ను" అనింది. పత్తి దుమ్ము పడకుండా తలకు గుడ్డ కట్టుకుని మిల్లుకు పోయింది.