కదిలితేనే వెలిగే టీవీ

మా ఇంట్లో పాత టీవీ కరెంటు తాగుతుందని మా కోడలి ఫిర్యాదు. తాగడమా! గటగటా తాగి త్రేన్చేది కూడా. హాల్లో అది మోగుతుండగా వెనక గదిలో మావాడు ఇస్త్రీ పెట్టె పెట్టాడంటే చాలు, ఠప్పుమని ఇల్లంతా చీకటి.

ఆ చీకటే నా ఆస్తి. నిజానికి వరండాలో మీటరు పక్కనున్న మీట పైకెత్తితే దీపాలు వెలుగుతాయి. కానీ "అది చల్లారకుండా ఎత్తితే కాలిపోతుంది, కాస్త ఆగాలి" అని నేనెప్పుడో ఒక శాస్త్రం కనిపెట్టి చెప్పాను. ఇంటిల్లిపాదీ నమ్మారు. అది చల్లారేదాకా వాళ్ళకి చూడ్డానికేముంటుంది? నేనూ, నా నోరూ! మనవరాలు వచ్చి ఒళ్ళో చేరేది. మా ఆవిడ విసుక్కుంటూనే ఓ చెవి ఇటు పడేసేది. నా చిన్నప్పుడు మా ఊరి దోమలు ఎద్దుల్ని విప్పేసి బండిని తామే లాక్కెళ్ళిన సంగతి ఆ చీకట్లో చెప్పిందే. అలాంటివి వెలుతురులో చెప్పకూడదు, వినేవాళ్ళకి మన మొహం కనబడుతుంది.

అలా హాయిగా రోజులు గడుస్తుంటే ఒకనాడు కోడలు, "మామయ్యగారూ, కరెంటు తక్కువ తీసుకునే టీవీ కొందాం, మీరూ రండి" అంది. కొత్తది వస్తే దీపం ఆరదు. దీపం ఆరకపోతే నా కథ వినే నాథుడుండడు. అటో ఇటో అక్కడే తేల్చుకుందామని చెప్పులేసుకుని బయల్దేరాను.

కొట్లో గోడనిండా టీవీలే. అన్నిట్లోనూ ఒకే చేప ఈదుతోంది. మా కోడలు చేప వంక చూస్తే ఒట్టు! ప్రతి టీవీ దగ్గరా వంగి, మూలనున్న కరెంటు పొదుపు స్టార్ల కాగితం చదువుతోంది. పిల్లాడి మొహం చూడకుండా మార్కులు మాత్రం చూసే మేష్టారులాగా.

నేను అన్నిటికన్నా పెద్దదాని ముందు నిలబడ్డాను. "అమ్మాయ్, ఇటు చూడు. ఎంత దిట్టంగా ఉందో!"

"దానికి ఒక్క స్టారే మామయ్యగారూ."

"సూర్యుడికి మాత్రం ఎన్నున్నాయమ్మా? ఒక్కడే కదా! వెలుగు చాల్లేదని ఎవరన్నా అన్నారా?"

"పెద్దాయనది మంచి చూపండీ!" అన్నాడు కొట్టు కుర్రాడు. ఆ పెద్దది ఎప్పట్నించి అమ్ముడుపోకుండా ఉందో పాపం.

"బాబూ, నువ్వాగు. ఈయనొక్కరికే జవాబు చెప్పలేక చస్తున్నాను" అంది కోడలు.

"అది మేకుకి తగిలిస్తే టీవీతోపాటు గోడా వస్తుంది నాన్నా" అని మావాడు పెళ్ళాం పక్షం చేరాడు.

చివరికి ఐదు స్టార్లున్న ఓ బక్కదాని దగ్గర కోడలు ఆగింది. కుర్రాడు వెంటనే ప్లేటు ఫిరాయించి, "దీనికి కన్నుందండీ. ఎదురుగా ఎవరూ కదలకపోతే గదిలో మనుషుల్లేరనుకుని ఆరిపోతుంది. చెయ్యి ఊపితే మళ్ళీ వెలుగుతుంది. చుక్క కరెంటు వృథా కాదు" అన్నాడు. ఆ మాటతో మా కోడలి మొహం వెలిగింది, నా దీపం కొండెక్కింది.

ఆ సాయంత్రమే టీవీ గోడెక్కింది. నేను చీకటి కోసం కాచుక్కూర్చున్నాను.

"ఒరే, ఇస్త్రీ పెట్టె పెట్టలేదట్రా?"

"నాలుగు చొక్కాలయ్యాయి నాన్నా!"

సరే, వెలుతురులోనే ఓ ప్రయత్నం చేద్దామని, "నా చిన్నప్పుడు ఒక గాలొచ్చిందీ..." అని మొదలెట్టాను. "ష్!" అన్నారు అందరూ. నా ఒళ్ళో చేరాల్సిన మనవరాలు కూడా!

ఇంతలో సీరియల్ రసపట్టులో పడింది. దొంగ భర్త తలుపు తీయబోతున్నాడు, వెనక అసలు భర్త. మావాళ్ళు ఊపిరి బిగబట్టి, చెక్కిన బొమ్మల్లా అయిపోయారు. టీవీ ఓసారి వాళ్ళని పరకాయించి చూసి, ఈ గదిలో మనుషుల్లేరని తీర్మానించుకుని ఆరిపోయింది.

చేతులూపి వెలిగించేసరికి తలుపూ లేదు, భర్తలూ లేరు. మర్నాడూ అంతే.

"ఆ కన్నేదో మూసేద్దాం" అన్నాడు మావాడు.

"మూసేస్తే ఇక ఐదు స్టార్లదెందుకు కొన్నట్టు?" అంది కోడలు.

అప్పుడు మా ఆవిడ నా వంక చూసింది. "ఏమండీ, ఊరికే కూర్చునే బదులు టీవీ ముందు ఆ ముక్కాలిపీట వేసుకుని మీ సోదేదో చెప్పుకోండి. మీరు నోరు విప్పితే చేతులాగవు కదా! గొంతు మాత్రం పెంచకండి."

అలా నాకు ఉద్యోగం దొరికింది. చేలో దిష్టిబొమ్మ వంక పిట్టలన్నా భయంగా చూస్తాయి. నా వంక చూసే పిట్ట కూడా లేదు. నేను గాల్లో చేతులాడిస్తూ దోమల్నీ బండినీ చెప్పుకుపోతుంటే, వాళ్ళు నా భుజం మీంచి సీరియల్ చూసేవాళ్ళు.

కొన్నాళ్ళు ఓపిక పట్టాను. ఒక సాయంత్రం బావి కథ ఎత్తుకున్నాను.

"నా చిన్నప్పుడొచ్చిన ఆ గాలికి మా బావి వేళ్ళతో సహా ఊడొచ్చింది. బొక్కెన మాత్రం గిలకకి వేలాడుతూ ఉండిపోయింది. లోపల మా మేనమామ పూడిక తీస్తున్నాడు. ఆయనకేం తెలుసు పాపం! బావి ఇంటి కప్పు దాటింది, కొబ్బరిచెట్టు దాటింది, ఇంకా పైకి... మా మేనమామ తట్ట పక్కనపెట్టి, పైకి పాకి, అంచు పట్టుకుని కిందికి తొంగిచూశాడు. చూసేసరికీ..."

రెండు చేతులూ దించి ఒళ్ళో పెట్టుకుని, నోరు మూసుకున్నాను.

కాసేపటికి టీవీ ఆరిపోయింది.

"చెయ్యి ఊపండి మామయ్యగారూ" అంది కోడలు.

నేను ఊపలేదు. మావాడు చెయ్యెత్తబోయి, ఎందుకో మోకాలు గోక్కుని ఊరుకున్నాడు. టీవీ సన్నగా వెలిగి, ఆ గోకుడుతో సరిపెట్టుకుని మళ్ళీ ఆరింది.

"తాతయ్యా, చూసేసరికి?" అంది మనవరాలు.

"చూసేదేముంది, ముందా బావి ఎవరి చేలో పడిందో చెప్పమను" అంది మా ఆవిడ. అమ్మో, గొంతు పెంచకండన్న మనిషి!

కోడలు ఎత్తబోయిన చెయ్యి నెమ్మదిగా దించింది. "అవునుగానీ మామయ్యగారూ, అంత పైకి వెళ్తే నీళ్ళు ఒలకవూ?"

"చెబుతా" అన్నాను. "కానీ ఎవరూ కదలకండి, టీవీ వెలిగిపోతుంది."

చేతులు కట్టుకుని కథ చెప్పడం నా జన్మలో అదే మొదలు.