బొమ్మలో మొలిచిన జుట్టు

తెల్లారేసరికి బొమ్మలోని బట్టతల మీద ఒత్తుగా జుట్టు మొలిచింది.

నాటకాల హాలు ముందుగదిలో నిలబడ్డ చిత్రకారిణి కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. సాయంత్రం జనం ముందు ముసుగు తీయాల్సిన బొమ్మ అది. ఆమె వేసిన మొట్టమొదటి పెద్ద బొమ్మ. అందులో, మేకప్ గది అద్దం ముందు హీరో, సగం ముఖానికి రంగు, సగం ముఖానికి వయసు, పక్కనే బల్ల మీద విగ్గు. ఆ హీరో ఆమె సొంత మేనమామే. ముప్పై ఏళ్లుగా పెళ్లికొడుకు వేషమే వేస్తున్నాడు. ఆయన పక్కన వేసిన పెళ్లికూతుళ్లు అమ్మమ్మలైపోయారు.

ఇప్పుడు బల్ల మీదా జుట్టే, నెత్తి మీదా జుట్టే. దగ్గరికెళ్లి వాసన చూసింది. బూట్ పాలిష్!

తుడిస్తే పోతుంది. హాలు మేనేజరే ఒప్పుకోలేదు.

"ఎవడి పనో తేలందే ఇది గోడెక్కదమ్మా. ఇవాళ జుట్టు పెట్టినవాడు రేపు తోక పెడతాడు."

"అపశకునం! స్టోర్ రూమ్‌లో పడేయండి," అన్నాడు మావయ్య, విగ్గు సర్దుకుంటూ. "నావంక చూస్తావేమే? నేనైతే బొమ్మలో ఆ బల్ల మీది విగ్గును ఉంచుతానా?"

మాట సబబుగానే ఉంది. కానీ మావయ్య సంగతి ఆమెకు తెలియనిదా! శవం వేషంలో పడుకుని, ఏడ్చేవాడికి చప్పట్లు పడుతుంటే ఓర్వలేక లేచి దణ్ణం పెట్టిన ఘనుడు.

"ఎవరు గీశారోగానీ ఏం పనితనం!" అంది గట్టిగా. "ఆ ముంగురులు చూశారా? నావల్ల కాదు బాబూ. సాయంత్రం ఆ మహానుభావుణ్ణి స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టించాల్సిందే."

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. ఎక్కడ దండ కనబడినా మెడ చాపే రకం.

"చెప్పుకోకూడదుగానీ... చిన్నప్పుడు నాకూ కాస్త చెయ్యి తిరిగేదమ్మా..."

మావయ్య ముఖం కందగడ్డయింది.

"నీ బొంద! గీత గియ్యమంటే వానపామును గీసే మొహం నువ్వూనూ! నా పాత ఫోటో ఎదురుగా పెట్టుకుని, బూట్ బ్రష్‌తో ఒక్కో వెంట్రుకా దిద్దింది నేనయ్యా, నేను! విగ్గును కప్పెయ్యడానికి బల్ల రంగు పాలిష్ కూడా తెచ్చుకున్నా. అంతలో ఆ వెధవ వాచ్‌మన్ దగ్గాడు, పారిపోయి వచ్చా! ఏమే, చప్పట్లప్పుడు నన్ను ఎడమ పక్కన నిలబెట్టు. అటునుంచైతే నాకు ఇరవై ఐదే!"